అతుకు మిషనుకు విడిభాగాల కరువు

మూలపడుతున్న పాత సింగర్లు - నంబరు తెలిస్తే సగం పని అయినట్టే

చెప్పు పట్టీ తెగినా, పిల్లవాడి స్కూలు సంచీ చిరిగినా, మోటారు సైకిలు సీటు పగిలినా, ఎద్దు మెడలోని మువ్వల పట్టెడ ఊడినా పల్లెల ప్రజలు పరుగెత్తేది మండల కేంద్రంలోని చెప్పుల బంకుకే. పది, ఇరవై రూపాయల పనితో పోయేదానికి కొత్త వస్తువు కొనడం పేదవాడికి భారం. అటువంటి బంకులు కొన్నింటిలో ఆరె, రంపెల పక్కన ఒక నల్లటి ఇనుప మిషను ఉంటుంది. చూడడానికి దర్జీ మిషనులాగే ఉన్నా అది వేరు. ముందుకు చాచిన పొడుగాటి చేయి, ఆ చేతి చివర బూటు ముక్కులోకి కూడా దూరేటంత సన్నని మూతి దీని ఆనవాళ్ళు. దీనినే అతుకు మిషను అంటారు. వీటిలో ఎక్కువ పేరు పొందినది సింగర్ కంపెనీ వారి 29 వర్గం.

తాతల నాటి నుంచి అన్నం పెడుతున్న ఈ మిషన్లు ఒక్కొక్కటిగా మూలపడుతున్నాయి. ఇనుము అరిగిపోయి కాదు. లోపల వేలెడంత మీట అరిగితేనో, గోరంత స్ప్రింగు విరిగితేనో దాని స్థానంలో వేసేందుకు మరొకటి దొరక్కపోవడమే కారణం. దర్జీ మిషన్ల సామాను అమ్మే కొట్టుకు వెళ్ళి అడిగితే "ఆ మోడలు రావడం మానేసి చాలా ఏళ్ళయింది" అన్న జవాబే ఎదురవుతుంది. రెండుమూడు ఊళ్ళు తిరిగి విసిగిన మనిషి చివరకు పాత ఇనుప సామాను కొట్టుకు మిషనును కిలోల లెక్కన తూచి ఇచ్చేస్తున్నాడు. తిరిగి ఆరె చేతబట్టి గంటలో అయ్యే పనిని పూటంతా చేస్తున్నాడు.

అయితే ఆ విడిభాగాలు నిజంగా లోకంలో లేవా? ఉన్నాయి. సూదులు, షటిళ్ళు, బాబిన్లు, పాదాలు, పళ్ళ చక్రాలు ఈనాటికీ కొత్తగా తయారవుతున్నాయి. ఈ రంగంలో అనుభవం ఉన్న మెకానిక్కులు చెప్పేది ఒకటే. పార్టు దొరక్క ఆగిన మిషన్ల కన్నా, ఏ పార్టు కావాలో సరిగ్గా చెప్పలేక ఆగిన మిషన్లే ఎక్కువ.

ఆగిన ఫ్యాక్టరీ, ఆగని మిషన్లు

ఈ మిషను పుట్టుక గురించి కొంత తెలుసుకోవడం అవసరం. ఎందుకంటే దాని నంబరులోనే దాని ఊరు కూడా ఉంది. అమెరికాలో ఐజాక్ సింగర్ 1851లో తన కుట్టు మిషనుకు పేటెంటు పొందాడు. ఆ కంపెనీయే తరువాత స్కాట్లాండు దేశంలోని క్లైడ్‌బ్యాంక్ పట్టణం వద్ద కిల్బోవీ అనే చోట భారీ ఫ్యాక్టరీ కట్టింది. 1885లో పని మొదలైన ఆ ఫ్యాక్టరీ ఒక దశలో ప్రపంచంలోనే అతి పెద్ద కుట్టు మిషన్ల ఫ్యాక్టరీగా నిలిచింది. 1913లో ఒక్క ఏడాదిలోనే పది లక్షలకు పైగా మిషన్లు అక్కడి నుంచి బయటికి వెళ్ళాయి. 29కె అని రాసి ఉండే మిషనులో 'కె' అనే అక్షరం కిల్బోవీకి గుర్తు. అంటే మన బంకులోని 29కె మిషను ఓడ ఎక్కి సముద్రం దాటి వచ్చినదన్న మాట.

ఆ ఫ్యాక్టరీ 1980లో మూతపడింది. ప్రస్తుతం అక్కడ 'సింగర్' అనే పేరుతో ఒక రైల్వే స్టేషను మాత్రం మిగిలింది. తల్లి ఫ్యాక్టరీ పోయినా అది కన్న మిషన్లు మాత్రం ఆసియా, ఆఫ్రికా దేశాల్లో, యూరపులో సైతం ఇంకా నడుస్తూనే ఉన్నాయి. అవి నడుస్తున్నాయి కనుకనే వాటి విడిభాగాలను ఇతర కంపెనీలు నకళ్ళుగా తయారు చేసి అమ్ముతున్నాయి.

యంత్రాలను తీవ్రంగా విమర్శించిన మహాత్మాగాంధీ సైతం 1924లో ఒక సంభాషణలో సింగర్ కుట్టు మిషనుకు మినహాయింపు ఇవ్వడం గమనార్హం. మనిషిని పనిలోంచి తోసివేయకుండా, మనిషి శ్రమను తగ్గించే యంత్రంగా ఆయన దాన్ని చూశారు. మోచీ బంకులోని అతుకు మిషనుకు ఈ మాట మరీ బాగా వర్తిస్తుంది. అది కరెంటు అడగదు. కాలితో తొక్కితేనో, చేత్తో చక్రం తిప్పితేనో నడుస్తుంది. ఒక మనిషికి ఒక మిషను, ఆ మిషను వెనుక ఒక కుటుంబం.

దీని ప్రత్యేకత ఏమిటి?

మామూలు దర్జీ మిషనులో గుడ్డ కింద పళ్ళు ఉంటాయి. ఆ పళ్ళు గుడ్డను వెనక్కి లాగుతాయి. కుట్టు ఒకే దిక్కుకు సాగుతుంది. దిక్కు మార్చాలంటే గుడ్డనే తిప్పాలి. తయారై ఉన్న బూటును, బ్యాగును అలా తిప్పడం సాధ్యం కాదు.

అతుకు మిషనులో కింద పళ్ళు ఉండవు. తోలును నొక్కి పట్టే పాదమే పైకి లేచి, ఒక అడుగు వేసి, మళ్ళీ తోలును నొక్కి లాగుతుంది. పైగా ఆ పాదాన్ని సూది చుట్టూ గుండ్రంగా ఏ వైపుకైనా తిప్పవచ్చు. వస్తువును కదపకుండా పాదాన్ని తిప్పితే కుట్టు ఆ దిక్కుకు మళ్ళుతుంది. బూటు లోపల గుండ్రటి అతుకు వేయాలన్నా, సంచీ మూలలో జిప్పు బిగించాలన్నా ఈ మిషనుకు సాటి లేదు.

ఈ సౌకర్యమే దాని బలహీనత కూడా. దర్జీ మిషనులో ఒక్కో పని ఒక్కో భాగం చేస్తుంది. ఇక్కడ నొక్కడం, లేవడం, నడవడం, తిరగడం అన్నీ తల భాగంలోని కొద్ది మీటలే చేయాలి. అందుకే అవి ముందుగా అరుగుతాయి. ఏది అరిగితే ఏ లక్షణం కనబడుతుందో తెలిస్తే అనవసరపు ఖర్చు తప్పుతుంది.

మొదటి అనుమానం సూది మీద

కుట్టు మధ్యలో వదిలేస్తోందంటే చాలామంది షటిల్ పోయిందని తీర్మానిస్తారు. ముందు చూడవలసింది సూదిని. పాత 29కె మిషన్లకు 29×3, 29×4 అనే వరుసల సూదులు వాడాలి. మొదటిది తోలు సూది. దాని మొన తోలును కోసుకుంటూ దిగుతుంది. రెండోది గుడ్డ సూది. దాని మొన గుండ్రంగా ఉండి నూలు పోగులను పక్కకు తప్పిస్తూ దిగుతుంది. జర్మనీ కంపెనీల పాకెట్ల మీద ఇదే జాతికి 332 అనే నంబరు కనిపిస్తుంది. ఈ సూదులు ఇప్పటికీ తయారవుతున్నాయి.

అవి దగ్గరి కొట్టులో లేవని దర్జీ మిషను సూదినే బిగించి నడిపించేవారు ఉన్నారు. ఆ సూది పొడవు వేరు. షటిల్ ముక్కు వచ్చే వేళకు సూది దారం అందవలసిన చోట ఉండదు. దాంతో కుట్టు పడదు. పడేలా చేయాలని సూది కడ్డీని కిందికి జరిపితే షటిల్‌కు సూది తగిలి రెండూ పాడవుతాయి. ఒక పాకెట్టు సూదుల కోసం పోనివ్వని డబ్బు చివరకు షటిల్ కోసం పోతుంది. సూది లావు నంబరు కూడా చూసుకోవాలి. 16, 18, 21 అని అంకె పెరిగే కొద్దీ సూది లావవుతుంది. లావు దారానికి సన్న సూది పెడితే దారం చివికి తెగుతుంది. 29 వర్గంలోనే తరువాత వచ్చిన మోడళ్ళు ఉన్నాయి కనుక తమ మిషను ఏ మోడలో చూసుకుని సూది కొనడం క్షేమం.

ఇంకొక చిన్న వస్తువు దారం ఎక్కించే తీగ. ఈ మిషనులో పైదారం సూది కడ్డీ లోపలి బోలు గుండా కిందికి దిగాలి. దానికి కొనలో కొక్కెం ఉన్న పొడుగాటి సన్న తీగ వాడతారు. అది పోతే మిషను పోయినట్టు కంగారు పడనక్కరలేదు. సన్నని గట్టి ఉక్కు తీగ కొనను కొక్కెంలా వంచుకుంటే పని జరుగుతుంది.

షటిల్, బాబిన్: చిన్నదా? పెద్దదా?

చేతి మూతిలో షటిల్ అటూ ఇటూ ఊగుతూ పైదారాన్ని కింది దారంతో ముడివేస్తుంది. ఈ మిషన్లలో చేయి పొడవు మోడలును బట్టి మారుతుంది. సుమారు 12 అంగుళాల పొట్టి చేయి గలవి, సుమారు 18 అంగుళాల పొడుగు చేయి గలవి వాడుకలో ఉన్నాయి. బాబిన్ కూడా చిన్నది, పెద్దది అని రెండు రకాలు. చిన్న బాబిన్ షటిల్ పెద్ద బాబిన్ మిషనుకు సరిపడదు. "సింగర్ అతుకు మిషనుకు షటిల్ కావాలి" అని మాత్రం చెప్పి తెప్పించుకున్నవారు మోసపోయామని వాపోయేది ఇక్కడే. నిజానికి అమ్మినవాడి తప్పు కన్నా అడిగిన తీరులోని తప్పే ఎక్కువ.

కొత్త షటిల్ చేతికి రాగానే దాని ముక్కు మీదుగా ఒక దారాన్ని నెమ్మదిగా లాగి చూడాలి. దారం ఎక్కడైనా పట్టుకుంటే అక్కడ గరుకు ఉన్నట్టు. నకలు షటిళ్ళలో ఈ లోపం అప్పుడప్పుడు ఉంటుంది. అతి సన్నని గరుకు కాగితంతో నూనె వేసి ఆ ఒక్క చోటనే తేలికగా రుద్దితే పోతుంది. ఆకురాయి పెట్టరాదు. ముక్కు మొన ఏమాత్రం తగ్గినా షటిల్ పనికిరాకుండా పోతుంది.

షటిల్, సూది రెండూ సరిగా ఉన్నా కుట్టు వదులుతుంటే లోపలి పళ్ళను అనుమానించాలి. పొడుగాటి చేయి లోపల పళ్ళ కడ్డీ ఒకటి ముందుకూ వెనక్కూ కదులుతూ, చివర ఉన్న పళ్ళ చక్రాన్ని తిప్పుతుంది. షటిల్‌ను ఊపేది ఆ చక్రమే. ఏళ్ళ తరబడి నడిచాక పళ్ళు అరిగి వదులు వస్తుంది. షటిల్ ముక్కు ఆలస్యంగా చేరి దారపు ఉచ్చును తప్పుతుంది. చక్రాన్ని కదలకుండా పట్టుకుని, షటిల్‌ను వేలితో అటూ ఇటూ కదిపి చూస్తే ఎంత వదులు ఉందో తెలుస్తుంది. మార్చవలసి వస్తే కడ్డీని, చక్రాన్ని రెండింటినీ కలిపి మార్చడం మేలు. అరిగిన కడ్డీ మీద కొత్త చక్రం ఎక్కువ కాలం నిలవదు.

కుట్టు పొట్టి పడుతోందా?

పాత అతుకు మిషన్లకు వచ్చే అసలు జబ్బు ఇది. కుట్టు పొడవు మరను ఎంత సడలించినా కుట్లు దగ్గరదగ్గరగానే పడతాయి. ఒక్కోసారి ఒక దిక్కుకు పొడుగు కుట్టు, మరో దిక్కుకు పొట్టి కుట్టు పడుతుంది. దగ్గర కుట్ల వల్ల తోలు తపాలా బిళ్ళల కాగితంలా చిల్లులు పడి అక్కడే చిరుగుతుంది. బాగుచేసిన చెప్పు వారానికే తెగిందంటే పనివాడిని తిట్టుకుంటాం. తప్పు అతని మిషను లోపలి ఒక మీటది కావచ్చు.

తల భాగంలో మోచేతిలా వంగిన మీట ఒకటి ఉంటుంది. మెకానిక్కులు దానిని బెల్ క్రాంకు అంటారు. వెనుక నుంచి వచ్చే కదలికను పాదం నడకగా మార్చేది అదే. దాని కొనలు, అవి ఆనే రింగు అరిగితే కదలికలో కొంత ఖాళీలోనే పోతుంది. పాదం వేయవలసిన అడుగు పూర్తిగా వేయదు. అరిగిన వెంట్రుకవాసి కొన దగ్గర చిన్నదిగానే కనబడినా పాదం దగ్గరకు వచ్చేసరికి పెద్దదవుతుంది.

దీనికి రెండు మార్గాలు ఉన్నాయి. కొత్త మీట, కొత్త రింగు తెప్పించుకోవడం మొదటిది. రెండోది మన ఊరి పని. అరిగిన కొన మీద ఇత్తడి బ్రేజింగు వేయించి, పాత ఆకారానికి ఆకురాయితో దించుకోవడం. లేతు పని తెలిసిన నిదానస్తుడైన మెకానిక్కు దొరికితే ఈ పని అయ్యేదే. అయితే మిషను తల అంతటినీ వేడిచేయకూడదు. మీటను విడదీసి, దానికి మాత్రమే బ్రేజింగు వేయించాలి.

పాదం అడుగున ఉండే గరుకు పళ్ళు అరిగినా తోలు జారి కుట్టు పొట్టిపడుతుంది. అప్పుడు కొత్త పాదం కొనడానికి ముందు మూడు పలకల సన్న ఆకురాయితో ఆ పళ్ళను తిరిగి కోసి చూడవచ్చు. పాదాన్ని నొక్కే స్ప్రింగు బిగువు తగ్గిందేమో కూడా చూడాలి. ఈ రెండూ సరిగా ఉంటేనే బెల్ క్రాంకు జోలికి పోవాలి.

మరను పారేస్తే మిషను పోయినట్టే

విడిభాగాలన్నింటిలో దొరకనిది పెద్ద పార్టు కాదు, చిన్న మర. సింగర్ కంపెనీ తన మిషన్లకు తన సొంత లెక్కన మర చుట్లు కోసింది. హార్డువేరు కొట్టులో దొరికే బోల్టు చూడడానికి అంతే లావుగా ఉన్నా రెండు చుట్లు పోయి బిగుసుకుంటుంది. బలవంతంగా తిప్పితే మిషను ఒంట్లోని రంధ్రపు చుట్లు చెడతాయి. అప్పుడు అసలు మర దొరికినా నిలవదు.

కనుక మిషను విప్పేటప్పుడు కింద గుడ్డ పరచుకోవాలి. ఏ మర ఎక్కడిదో అదే వరుసలో అగ్గిపెట్టెల్లో వేసుకోవాలి. బిగుసుకున్న మరను సుత్తితో కొట్టడం మంచిది కాదు. కిరసనాయిలు గాని, తుప్పు వదిలించే నూనె గాని పోసి ఒక రాత్రి ఉంచితే చాలావరకు కదులుతుంది. మర గాడికి సరిపడే వెడల్పు స్క్రూడ్రైవరు వాడాలి.

మరో హెచ్చరిక. ఏళ్ళ తరబడి మూలపడిన మిషను బిగుసుకుపోతే లోపల ఏదో విరిగిందని అనుకుంటారు. పాత నూనె జిగురై పట్టేయడమే చాలాసార్లు కారణం. కిరసనాయిలుతో కడిగి, నెమ్మదిగా కదుపుతూ, ఆపైన మిషను ఆయిలు వేస్తే మళ్ళీ తిరుగుతుంది. కొబ్బరినూనె, వంటనూనె పోయడం వల్లనే ఈ జిగురు పడుతుంది. పని చేసే రోజున నూనె రంధ్రాలన్నింటిలో రెండేసి చుక్కలు వేస్తే పార్టుల కోసం తిరిగే బాధ సగం తప్పుతుంది.

అలాగే మిషను శక్తిని మించి పని చెప్పరాదు. ఇది అతుకుల కోసం, మెత్తని పై తోలు కోసం చేసిన మిషను. టైరు చెప్పు అడుగును, మందపాటి అట్ట తోలు పొరలను దాని కింద పెట్టి కుడితే చేతి లోపలి పళ్ళు తింటాయి. ఆ పని ఆరెదే. మిషను ఉన్న బంకులో కూడా ఆరె పక్కనే ఉండవలసిన కారణం ఇదే.

పార్టు అడిగే పద్ధతి

పార్టు కోసం బయలుదేరే ముందు మూడు సంగతులు కాగితం మీద రాసుకోవాలి. ఒకటి, మిషను మోడలు. కొన్నింటికి చిన్న రేకు మీద 29కె71 వంటి నంబరు ఉంటుంది. రేకు ఊడిపోయి ఉంటే మిషను ఒంటి మీద చెక్కిన అక్షరం, అంకెల వరుస చూడాలి. ఆ వరుసను బట్టి మిషను ఏ కాలానిదో తెలిసినవారు చెప్పగలరు. రెండు, చేయి పొడవు, బాబిన్ వెడల్పు. మూడు, పార్టు మీది నంబరు.

పార్టు మీద నంబరు ఉంటుందన్న సంగతే చాలామందికి తెలియదు. సింగర్ కంపెనీ తన పార్టుల్లో చాలావాటి మీద చిన్న అంకెలు కొట్టింది. మురికి, నూనె పేరుకుని అవి కనబడవు. కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ఎండలో వాల్చి చూస్తే బయటపడతాయి. పక్కన 'సిమాంకో' అన్న మాట ఉంటే అది సింగర్ వారి సొంత పార్టు. సింగర్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీ అన్న పేరును కుదించి పెట్టిన గుర్తు అది. ఆ అంకెలు తెలిస్తే లూధియానా వ్యాపారికి గాని, చెన్నై వ్యాపారికి గాని భాషతో పని లేదు. అంకె చెబితే చాలు.

నంబరు కనబడకపోతే పార్టును ఒక స్కేలు పక్కన పెట్టి సెల్‌ఫోనులో రెండు వైపులా ఫొటో తీసి పంపవచ్చు. పాత పార్టును మాత్రం చేతిలోంచి వదలరాదు. విరిగిన ముక్కలైనా సరే దాచుకోవాలి. కొత్తది వచ్చినప్పుడు పోల్చుకునేందుకు, అది రాకపోతే లేతు పనివాడికి నమూనాగా చూపేందుకు అదే ఆధారం.

ఎక్కడ వెతకాలి?

మన దేశంలో కుట్టు మిషన్లకు, వాటి విడిభాగాలకు పెద్ద కేంద్రం పంజాబులోని లూధియానా. ఇక తోలు పని ఎక్కువగా జరిగే ఆగ్రా, కాన్పూరు, కోల్‌కతా, తమిళనాడులోని చెన్నై, ఆంబూరు, రాణిపేట వంటి చోట్ల తోలు కుట్టే మిషన్ల వ్యాపారులు ఉంటారు. మనకు దగ్గరివి తమిళనాడు ఊళ్ళు. దర్జీ మిషన్ల కొట్టులో "లేదు" అన్నంత మాత్రాన నిరాశ పడకుండా ఈ ఊళ్ళ వైపు విచారించడం మంచిది. తోలు వ్యాపారం మీద, చెప్పుల సరుకు మీద అటు పోయి వచ్చేవారి చేతికి నంబరు రాసిన కాగితం ఇచ్చినా పని జరగవచ్చు.

ఆన్‌లైనులో కూడా ఈ పార్టులు అమ్మకానికి కనిపిస్తాయి. అక్కడ జాగ్రత్త ఇంకా అవసరం. "అన్ని 29 మోడళ్ళకూ సరిపోతుంది" అని రాసినదాన్ని నమ్మరాదు. పార్టు నంబరు, కొలత రాసినదాన్నే కొనాలి. సరిపోకపోతే తిరిగి తీసుకుంటారో లేదో ముందే చూసుకోవాలి.

ఇదిలా ఉండగా చైనాలో తయారైన, చేత్తో తిప్పే అతుకు మిషన్లు కొన్నేళ్ళుగా తక్కువ ధరకు వస్తున్నాయి. పాదం అన్ని వైపులకూ తిరగడంలో అవి సింగర్‌ను పోలినా నిర్మాణం వేరు. వాటి పార్టులు సింగర్‌కు పట్టవు. అంచులు మొరటుగా ఉండి, కొన్న తరువాత సానపట్టుకుని సర్దుకోవలసిన అవసరం తరచు ఉంటుంది. మిషను మరమ్మతు కొంత తెలిసినవాడికి అది అక్కరకు వస్తుంది. ఏమీ తెలియనివాడికి కొత్త తలనొప్పి. చేతిలో సింగర్ ఉన్నవాడు దానిని తూకానికి అమ్మి దీనిని కొనడం తొందరపాటు అవుతుంది.

చచ్చిన మిషనే విడిభాగాల కొట్టు

అన్నింటికన్నా దగ్గరి గని మన ఊళ్ళలోనే ఉంది. తండ్రి పోయాక కొడుకు వేరే పనికి వెళ్ళిన ఇళ్ళలో, అటకల మీద, పశువుల పాకల మూలల్లో ఇటువంటి మిషన్లు తుప్పు పట్టి పడి ఉంటాయి. ఇంటివారికి అది అడ్డు. కాని అందులో మరలు ఉన్నాయి, స్ప్రింగులు ఉన్నాయి, మీటలు ఉన్నాయి. ఒకదాని బెల్ క్రాంకు అరిగితే మరొకదాని చేయి విరిగి ఉంటుంది. రెండు కలిపితే ఒకటి నడుస్తుంది. పాత ఇనుము వ్యాపారికి ఇచ్చే ముందు దగ్గరి చెప్పుల బంకువారికి ఒక మాట చెబితే, తూకం ధర కన్నా నాలుగు రూపాయలు ఎక్కువే ముట్టవచ్చు. ఒక కుటుంబానికి మేలు చేసిన పుణ్యమూ దక్కుతుంది.

చెడిన మిషనును పూర్తిగా విప్పి పంచుకోవడం కన్నా, ఒక మండలంలోని నలుగురైదుగురు పనివారు కలిసి దానిని ఒక చోట ఉంచుకుని, అవసరమైనవాడు పార్టు తీసుకుని చీటీ రాసి పెట్టడం మంచి పద్ధతి. అరుదైన మరలు అలా అయితేనే చెల్లాచెదరు కాకుండా నిలుస్తాయి.

ప్రభుత్వం చేయదగిన సాయం

కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబరు 17న ప్రారంభించిన పి.ఎం. విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో చెప్పులు కుట్టే వృత్తి కూడా ఒకటి. ఇందులో పేరు నమోదై అర్హత పొందినవారికి శిక్షణ, శిక్షణ కాలంలో రోజుకు రూ. 500 భత్యం, పనిముట్ల కోసం రూ. 15,000 వరకు ఈ-వోచరు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తరువాత రెండు లక్షల రూపాయల వరకు అప్పు ఇచ్చేందుకు పథకం ఏర్పాటు చేసింది. నమోదు కామన్ సర్వీసు సెంటర్ల ద్వారా జరుగుతుంది. పంచాయతీ స్థాయిలో పరిశీలన ఉంటుంది. ఇంకా పేరు నమోదు చేసుకోని పనివారు పంచాయతీ కార్యాలయంలో విచారించుకోవడం మంచిది.

అయితే కొత్త పనిముట్లు ఇవ్వడంతో పాటు ఉన్న పనిముట్లు బతికించే ఏర్పాటు కూడా కావాలి. ఐ.టి.ఐ.లలో ఫిట్టరు, టర్నరు విద్యార్థులు లేతుల మీద అభ్యాసం కోసం ఇనుప ముక్కలు చెక్కుతుంటారు. ఆ అభ్యాసంలోనే అతుకు మిషను మీటలు, పిన్నులు, రింగులు నమూనా చూసి చేయిస్తే విద్యార్థికి చదువు, మోచీకి పార్టు రెండూ సమకూరుతాయి. సొంత లెక్క మర చుట్లను కొలిచి, వాటికి సరిపడే మరలు లేతు మీద కోయడం అక్కడ అసాధ్యమేమీ కాదు. ఏడాదికి ఒకటి రెండు సార్లు జిల్లా కేంద్రంలో ఈ పనివారందరినీ పిలిచి, అనుభవజ్ఞులైన మెకానిక్కుల చేత మిషను విప్పి బిగించడం చూపిస్తే మరీ మంచిది. ఈ మిషను లోపలి సంగతి తెలిసినవారు వయసు మీరుతున్నారు. వారి చేతి విద్య వారితో పోతే, పార్టులు ఎన్ని దొరికినా బిగించేవాడు ఉండడు.

అధికారులు ఆ చొరవ తీసుకునే వరకు మోచీ సోదరులు చేయగలిగినది ఒకటి ఉంది. ఈ వారమే మిషను తుడిచి, దాని మోడలు, ఒంటి మీది నంబరు, సూది నంబరు, బాబిన్ కొలత ఒక కాగితం మీద రాసి బంకులో అతికించుకోవాలి. రేపు పార్టు విరిగినప్పుడు ఆ కాగితమే దారి చూపుతుంది.